వెబ్‌సైటుకు మార్కులు వేయాల్సిందెవరు?

(చక్రపాణి స్మృతిలో చేబ్రోలు సభకు సమర్పించిన ఉపన్యాస పాఠం)

ఆంధ్రప్రదేశ్‌లో చేబ్రోలు ఒకటి కాదు. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో ఉన్నది ఈ చేబ్రోలు. ఏలూరు జిల్లా ఉంగుటూరు మండలంలో ఇంకొకటి ఉంది. కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలో మరొకటి ఉంది. రైలు టికెట్ల సైటులో ఊరి పేరు కొడితే వచ్చే చేబ్రోలు స్టేషను విజయవాడ–నిడదవోలు మార్గంలోనిది, ఉంగుటూరు మండలానిది. ఈ ఊరికి రావలసినవాళ్లు దూరప్రయాణపు రైలు దిగాల్సింది తెనాలిలోనో గుంటూరులోనో. స్థానికులకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. హైదరాబాదులో పుట్టి పెరిగి, తాతగారి ఊరికి మొదటిసారి బయల్దేరిన కుర్రవాడి సంగతి వేరు. స్టేషను పేరు పక్కన జిల్లా పేరు కనిపించకపోతే అతను ఇక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో దిగుతాడు.

డిజైను అనగానే అందరికీ రంగులు, ఫొటోలు, కదిలే బ్యానర్లు గుర్తొస్తాయి. పేరు పక్కన చిన్న అక్షరాల్లో జిల్లా పడిందా లేదా అన్నది గుర్తుకు రాదు. నిజానికి ఆ కుర్రవాడి ప్రయాణం ఆధారపడింది ఆ ఒక్క మాట మీదే. ఈ ఉపన్యాసం చెప్పదలచింది ఇంతే: ఎంత పెద్ద నిపుణులు కట్టిన వెబ్‌సైటుకైనా మార్కులు వేయాల్సింది కట్టినవాళ్లూ కాదు, కట్టించుకున్న ఆఫీసూ కాదు, దానితో పని పడినవాళ్లు. వాళ్లు తమ భాషలో, తమ చేతిలో ఉన్న ఫోనులో, తాము నిలబడిన ఎండలో పని ముగించుకోగలిగారా అన్నదే పరీక్ష. మన తెలుగు నేల మీద ఆ పరీక్ష జరగాల్సినంతగా జరగడం లేదు.

చక్రపాణిని తలచుకునే సభలో ఈ మాట చెప్పడం సబబు. తెనాలిలో పుట్టిన ఆలూరి వెంకట సుబ్బారావు (1908–1975) చక్రపాణిగా మారి, బి. నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో చందమామను మొదలుపెట్టారు. 1952 నుంచి 1980 దాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ లాంటివాళ్లు దానికి బొమ్మలు వేశారు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు కూడా ఆ పత్రికలో దారి తప్పేవాడు కాదు. దాదాపు ప్రతి పేజీలో బొమ్మ ఉండేది. కథలో ఏ ఘట్టం దగ్గర ఉన్నాడో ఆ బొమ్మే చెప్పేది. బేతాళ కథ ఎక్కడుంటుందో, సీరియల్ ఎక్కడుంటుందో వెతుక్కోనక్కర లేకుండా చేతికి అలవాటైపోయేది. ఫోటో వ్యాఖ్యల పోటీ పెట్టి పాఠకుల చేత రాయించుకున్న పత్రిక కూడా అదే. ఇంటరాక్టివ్ అనే మాట తెలుగిళ్లకు చేరకముందే పాఠకుడికి పేజీలో భాగం ఇచ్చారు. బొమ్మ ఎంత బాగుందన్నది ఒక లెక్క. పిల్లవాడు కథ చివరిదాకా వెళ్లాడా అన్నది అంతకు మించిన లెక్క. చందమామ రెండింటిలోనూ నెగ్గింది.

ఆ చందమామ తర్వాత వెబ్‌సైటు కూడా అయింది. 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ కంపెనీ చేతికి వెళ్లాక పాత సంచికలను ఆన్‌లైన్‌లో చదువుకునే వీలు కల్పించారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న తెలుగువాళ్లు చిన్ననాటి సంచికలు వెతికి చదువుకున్నారు. 2013 నాటికి పత్రిక ఆగిపోయింది, తర్వాత ఆ సైటూ పోయింది. వెబ్‌సైట్లను బేరీజు వేసేవాళ్లు సాధారణంగా అడగని ప్రశ్న ఒకటి ఇక్కడుంది: ఇది ఎన్నాళ్లు నిలుస్తుంది? కాగితం మీది సంచికలు ఇప్పటికీ ఇళ్లలో బీరువాల్లో ఉన్నాయి.

వెబ్‌సైట్లకు బహుమతులివ్వడం ఇప్పుడు పుట్టింది కాదు. అమెరికాలో వెబీ అవార్డులు 1996లోనే మొదలయ్యాయి. అక్కడ ఆరు కోణాల నుంచి చూస్తారు: విషయం, నిర్మాణం–నావిగేషన్, దృశ్యరూపం, పనితీరు, ఇంటరాక్టివిటీ, మొత్తం మీద కలిగిన అనుభవం. కొలతలు సరైనవే. అయితే ఏ పోటీలోనైనా ఆ కొలతలు పట్టుకునే చేయి ఎవరిదన్నది చూడాలి. పెద్ద తెర, వేగంగా నడిచే ఇంటర్నెట్టు, ఇంగ్లిషులో చకచకా చదివే అలవాటు ఉన్న న్యాయనిర్ణేతకు హాయిగా తోచిన పేజీ, పాత ఫోనుతో పొలం గట్టున నిలబడ్డ మనిషికి అలాగే తోచాలని లేదు.

పైగా కన్ను తొందరపడుతుంది. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో గిట్టె లిండ్‌గార్డ్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒక పేజీ అందంగా ఉందా లేదా అన్న అభిప్రాయం 50 మిల్లీ సెకన్లలో, అంటే సెకనులో ఇరవయ్యో వంతులో, ఏర్పడిపోతుంది. ఒక్క అక్షరం చదవకముందే తీర్పు అయిపోతుందన్న మాట. దానికి ముందు 1995లో జపాన్‌లో కురోసు, కషిమురా అనే ఇద్దరు పరిశోధకులు ఏటీఎం తెరల అమరికలను 26 రకాలుగా మార్చి జనానికి చూపించారు. ఏవి అందంగా కనిపించాయో అవే వాడటానికి తేలిక అని జనం చెప్పారు. అసలు తేలికకూ ఆ మాటకూ అంత సంబంధం లేదు. జపాన్‌వాళ్లకు సౌందర్యదృష్టి ఎక్కువ, తమ దేశంలో ఇలా ఉండదు అనుకుని ఇజ్రాయెల్‌కు చెందిన నోమ్ ట్రాక్టిన్‌స్కీ అదే ప్రయోగం మళ్లీ చేశాడు. 1997లో వచ్చిన అతని ఫలితాల్లో ఆ సంబంధం మరింత గట్టిగా కనిపించింది.

అందం అబద్ధమని దీని అర్థం కాదు. అందం నమ్మకాన్ని పుట్టిస్తుంది, చిన్న చిక్కును ఓర్చుకునే ఓపికనిస్తుంది. అందుకే అది ప్రమాదం కూడా. “సైటు ఎలా ఉంది?” అని అడిగితే “బాగుంది” అనే జవాబే వస్తుంది. ఆ జవాబుతో కాంట్రాక్టరుకు బిల్లు అవుతుంది, ఆఫీసులో ప్రారంభోత్సవం అవుతుంది. పని అవుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. 1998లో వచ్చిన ఐఎస్‌ఓ 9241–11 ప్రమాణం ఈ ప్రశ్నను చక్కగా విడగొట్టింది. ఫలానా మనిషి, ఫలానా పనిని, ఫలానా పరిస్థితుల్లో ఎంతవరకు పూర్తి చేశాడు, ఎంత శ్రమతో చేశాడు, తృప్తి పడ్డాడా అన్నవే దాని కొలతలు. మనిషి, పని, పరిస్థితి చెప్పకుండా సైటు బాగుందనడం ఆ ప్రమాణం దృష్టిలో అర్థం లేని మాట.

నావిగేషన్ చెడిపోవడానికి ఒక మామూలు కారణం గుమ్మం దగ్గరే ఆపేయడం. అమెరికాలో ఆరోగ్య బీమా కోసం ప్రభుత్వం కట్టించిన హెల్త్‌కేర్ డాట్ గవ్ 2013 అక్టోబరు 1న తెరుచుకుంది. మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురు. సాంకేతిక కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో డిజైనుకు సంబంధించిన నిర్ణయం ఒకటి: పథకాల ధరలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాలన్నారు. ఊరికే ధర తెలుసుకుందామని వచ్చిన లక్షల మంది కూడా ఖాతా తెరిచే పేజీ దగ్గరే పోగుపడ్డారు. మన రైల్వే టికెట్ల సైటు 2002 ఆగస్టులో టికెట్ల అమ్మకం మొదలుపెట్టింది. ఆ సైటులో లాగిన్ కాకుండానే రైళ్లు, సీట్ల ఖాళీలు చూసుకునే సదుపాయం 2018లో వచ్చిన కొత్త రూపంతో అందింది. పదహారేళ్లు పట్టింది. ఆ మార్పులో కొత్త రంగుల కన్నా విలువైనది ఈ ఒక్క వెసులుబాటే.

2021లో కోవిడ్ టీకాల సమయంలో ఈ సంగతి ప్రాణాల మీదికి వచ్చింది. 18–44 ఏళ్లవాళ్లకు కోవిన్ పోర్టల్‌లో ఏప్రిల్ 28న నమోదు మొదలైంది. మొదటి రోజే కోటి మందికి పైగా నమోదు చేసుకున్నారు. ఇంగ్లిషులో ఉన్న ఆ పోర్టల్‌కు తెలుగు, హిందీ మొదలైన భాషలు జూన్‌లో గానీ రాలేదు. రెండో అల ఉధృతంగా ఉన్నది ఆ మధ్య రోజుల్లోనే. ఇంగ్లిషు వచ్చి, వేగంగా వేళ్లు కదిపేవాళ్లకు స్లాట్లు దొరికాయి. డిజిటల్ సౌకర్యం లేనివాళ్ల గతి ఏమిటని మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ప్రశ్నించింది. పోర్టల్‌కు సాంకేతిక సామర్థ్యం తక్కువేమీ కాదు, మొదట కాసేపు తడబడినా అంత రద్దీని అది తట్టుకుంది. భాష అనే అంశాన్ని మొదటి రోజు పరీక్షలో పెట్టకపోవడమే దాని తప్పు.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. భూమి రికార్డుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన మీభూమి పోర్టల్ తెలుగులో మాట్లాడుతుంది. అడంగల్, 1బీ అని రైతులు రోజూ వాడే పేర్లనే పెట్టింది. జిల్లా, మండలం, గ్రామం వరసగా ఎంచుకోమంటుంది కాబట్టి మూడు చేబ్రోళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోవు. ఇందాకటి కుర్రవాడి సమస్యకు ఇదే మందు. అయితే ఈ పద్ధతిలోనూ ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. చేబ్రోలు, తెనాలి గుంటూరులోనే ఉండగా రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. తరతరాలుగా తమది గుంటూరు జిల్లా అని చెప్పుకున్న రేపల్లె మనిషి ఏ సైటులోనైనా చేత్తో వెతికేది గుంటూరు కిందే. అక్కడ తన మండలం కనిపించదు. ఊరి పేరు కొట్టగానే “రేపల్లె, బాపట్ల జిల్లా (పూర్వపు గుంటూరు)” అని చూపించే వెతుకుడు పెట్టె ఆ మెనూ పక్కనే ఉంటే ఆ మనిషి పని క్షణంలో అయిపోతుంది. మెనూలు ఆఫీసు అమరికను బట్టి కాక వచ్చినవాడి బుర్రలో ఉన్న అమరికను బట్టి సాగాలి.

ఇక తెలుగు అక్షరం. వెబ్ డిజైను పుస్తకాలు దాదాపు అన్నీ రోమన్ లిపిని మనసులో పెట్టుకుని రాసినవే. ఆ లిపికి కిందా పైనా కొద్ది చోటు చాలు. తెలుగుకు పైన గుడులు, ఏత్వాలు ఉంటాయి, కింద వత్తులు వేలాడతాయి. “రాష్ట్రం” అన్న మాటలో ఒక హల్లుకు రెండు వత్తులు. వరసకూ వరసకూ మధ్య ఎడం రోమన్‌కు సరిపోయే కొలతలో బిగించేస్తే పై వరసలోని వత్తు కింది వరసలోని గుడిని తాకుతుంది, లేదా బటన్ అంచు దగ్గర సగానికి తెగిపోతుంది. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా వరస ఎడం ఇవ్వడం తెలుగు పేజీకి కనీస మర్యాద. బోల్డ్ చేస్తే లోపలి సున్నాలు పూడుకుపోయే ఫాంట్లు ఉన్నాయి. ఇటాలిక్ అనే వాలు రాత మన ముద్రణ సంప్రదాయంలో పుట్టింది కాదు, అరువు తెచ్చుకున్నది. చిన్న సైజులో అది కంటికి శ్రమ. ఇంగ్లిషులో అయిదక్షరాల మాట కోసం కొలిచిన బటన్‌లో “ధ్రువీకరించండి” పట్టదు, మాట మధ్యలో విరిగి రెండో వరసలో పడుతుంది. ఇవి చిన్న విషయాలు కావు. పేజీ పరాయిదా మనదా అని చదువరి ముందుగా పసిగట్టేది ఇక్కడే.

దీని వెనక కష్టమైన చరిత్ర ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, చాలా ఏళ్లు తెలుగు పత్రికల సైట్లు ఎవరికి వారు సొంత ఫాంట్లతో నడిచాయి. తెర మీద తెలుగు ముచ్చటగానే కనిపించేది. గూగుల్‌లో వెతికితే మాత్రం ఆ వ్యాసాలు దొరికేవి కావు, ఎందుకంటే కంప్యూటరుకు అవి తెలుగు అక్షరాలుగా తెలియవు. అలాంటి పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి పద్మ అనే పరికరాన్ని తెలుగువాళ్లే తయారు చేసుకోవలసి వచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. పోతన, వేమన ఫాంట్లు వచ్చాయి. తెలుగు కీబోర్డు రాని వాళ్ల కోసం లేఖిని అనే పరికరం వచ్చింది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, తెనాలి రామకృష్ణ లాంటి ఫాంట్లు ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కాబట్టి తెలుగులో మంచి పేజీ కట్టడానికి సామగ్రి లేదన్న సాకు చెల్లదు. కట్టాక తెలుగు చదువరితో సరిచూసుకోవడమే కొరవడింది.

కళ్లకు సంబంధించిన లెక్క ఇంకొకటి ఉంది. ఈ మధ్య తెల్లని పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు ఫ్యాషనయ్యాయి. ఏసీ గదిలో అవి నాజూగ్గా కనిపిస్తాయి. డెల్టా ఎండలో ఫోను తెర మీద అవి కనిపించనే కనిపించవు. అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ ప్రకారం మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 కూర్పు వేలితో నొక్కే గురికి కూడా కనీస సైజు పెట్టింది. మన ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచే మార్గదర్శకాలున్నాయి, 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఫోను ముందు కన్ను ఆర్పి చూపించమనే కేవైసీ పద్ధతి వల్ల యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు బ్యాంకు సేవలకు దూరమవుతున్నారన్న కేసులో, డిజిటల్ సేవలను అందుకోగలగడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు తర్వాత డిజైను లోపం ఇక రుచుల తగాదా కాదు, హక్కుల సంగతి.

దృశ్యరూపాన్ని మోసానికి వాడటం మరో ఎత్తు. “అవును” పెద్ద పచ్చ బటన్‌గా, “వద్దు” కనీ కనిపించని అక్షరాల్లో పెట్టడం, అడగని బీమాను బిల్లులో కలిపేయడం లాంటి పదమూడు పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌లుగా గుర్తించి నిషేధించింది. ఇలాంటి పేజీలు చేసేవాళ్లూ నిపుణులే. నైపుణ్యం ఎవరి పక్షాన పని చేసిందన్నదీ మార్కుల్లోకి రావాలి.

అందం, పని రెండూ కలిసిన పేరున్న ఉదాహరణ బ్రిటన్ ప్రభుత్వ సైటు. 2012 అక్టోబరులో వచ్చిన గవ్ డాట్ యూకేలో బ్యానర్లు లేవు, మంత్రుల ఫొటోల వరస లేదు. తెలుపు మీద నల్లటి పెద్ద అక్షరాలు, జనం వెతికే పనులు వాళ్ల మాటల్లో ఉన్నాయి, అంతే. లండన్ డిజైన్ మ్యూజియం 2013లో ఆ ఏటి మేటి డిజైనుగా దాన్నే ఎంచింది. పోటీలో షార్డ్ అనే ఆకాశహర్మ్యం కూడా ఉంది. మన దగ్గర 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన మన మిత్ర వాట్సాప్ పాలన ఇంకో దారి పట్టింది. జనానికి అలవాటైన చోటికే సేవను తెచ్చింది, అది తెలివైన నిర్ణయం. కాకపోతే చాట్‌లో ఒకేసారి అన్నీ కళ్ల ముందు ఉండవు, ఒక మెనూ తర్వాత ఒకటి తెరవాలి. ఏ సేవ ఏ శాఖ కిందిదో తెలియని మనిషి ఎక్కడ ఆగిపోతున్నాడో పక్కన కూర్చుని చూడాల్సిన అవసరం అక్కడ ఇంకా ఎక్కువ.

పక్కన కూర్చుని చూడటం ఖరీదైన పని కాదు. అయిదుగురితో పరీక్షిస్తే లోపాల్లో సుమారు 85 శాతం బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. వాడేవాళ్లలో వేర్వేరు తరగతులుంటే ఒక్కో తరగతి నుంచి ముగ్గురు నలుగురు కావాలని కూడా చెప్పాడు. రైతు, ఇంటర్ విద్యార్థి, పింఛను తీసుకునే పెద్దావిడ, చూపు తక్కువైనవారు అందులో ఉండాలి. ఒక్కొక్కరికీ నిజమైన పని ఇవ్వాలి: తమ పొలం అడంగల్ తీయడం, తెనాలి నుంచి టికెట్టు చూడటం, అర్జీ ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడం. తర్వాత పరీక్షకులు నోరు మెదపకూడదు. “అక్కడ నొక్కండి” అన్న క్షణంలో పరీక్ష పోయినట్టే. పని పూర్తయిందా, ఎంతసేపు పట్టింది, ఎన్ని తప్పు మలుపులు తిరిగారు, ఎక్కడ పక్కవాళ్లను అడిగారు అన్నవి రాసుకోవాలి. చివర్లో జాన్ బ్రూక్ 1986లో తయారు చేసిన పది ప్రశ్నల పట్టికను తెలుగులో అడగవచ్చు. వందకు 68 సగటుగా లెక్కించే ఆ పట్టిక ప్రపంచమంతా చెల్లుతోంది. మెనూ పేర్లను చీటీల మీద రాసి, జనం చేతే గుంపులుగా సర్దించి చూస్తే, ఏది ఏ శీర్షిక కింద ఉండాలో ఆఫీసుకన్నా స్పష్టంగా తేలుతుంది.

ఈ పని మొదలుపెట్టడానికి చేబ్రోలు కన్నా అనువైన చోటు లేదు. శాతవాహన రాజు విజయుని కాలపు శాసనం ఇక్కడ దొరికింది. క్రీ.శ. 207 నాటి ఆ శాసనంలో సప్తమాతృకల ఆలయ ప్రస్తావన ఉంది. దక్షిణ భారతంలో ఇప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో అదే తొలిదని భారత పురావస్తు శాఖ 2019 డిసెంబరులో ప్రకటించింది. నృత్తరత్నావళి రాసిన కాకతీయ సేనాని జాయప శాసనాలు ఇక్కడివే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ ఆలయం కోనేటి మధ్య ఉంది. వీటన్నిటినీ చూడటానికి వచ్చే యాత్రికుడికి ఏ గుడి ఎటు, ఏ వేళ తెరిచి ఉంటుంది, శాసనంలో ఏముంది అన్నవి తెలుగులో చెప్పే మంచి సైటు ఒకటి ఈ ఊరికి కావాలి. ఇదే మండలంలోని వడ్లమూడిలో విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉంది, బాపట్లలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకునే పిల్లలు అక్కడ ఉన్నారు. వాళ్ల ఆచార్యులకు ఈ సభ చేయదగిన విజ్ఞప్తి ఒకటే. చివరి ఏడాది ప్రాజెక్టుగా ఎవరైనా వెబ్‌సైటు తెస్తే ల్యాప్‌టాప్ మీద చూసి మార్కులు వేయకండి. పిల్లల్ని ఒక పూట చేబ్రోలు సెంటరుకు పంపండి. అక్కడ బస్సు కోసం ఆగిన అయిదుగురి చేతికి ఫోను ఇప్పించండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకొచ్చిన కాగితానికి సగం మార్కులు కేటాయించండి.